గాదెలో విత్తనాల వడ్లు

ఇంట్లో ఒక సర్వరు పెట్టుకుందామని బయలుదేరినవారు మొట్టమొదట అడిగే ప్రశ్న, ఎన్ని టెరాబైట్లు సరిపోతాయని. రెండో ప్రశ్న, ఏ పెట్టె కొనాలని. రెండూ అవసరమైనవే గాని, వాటికంటే ముందు వేసుకోవలసిన ప్రశ్న మరొకటి ఉంది. ఇంట్లో ఉన్నవాటిలో, పోతే మళ్ళీ దొరకనిది ఏది? దీనికి జవాబు చెప్పుకోకుండా కట్టిన సర్వర్లను నేను చాలానే చూశాను. వాటిలో 20 టెరాబైట్ల సినిమాలుంటాయి. నాలుగు డిస్కులు, రెండు ఫ్యాన్లు, మిణుకుమనే నీలిరంగు దీపాలు ఉంటాయి. తాతగారి గొంతు మాత్రం అటకమీద అట్టపెట్టెలో, బూజు పట్టిన క్యాసెట్టులోనే ఉంటుంది.

గాదెలున్న ఇళ్ళలో పెరిగినవారికి ఈ భేదం వివరించనక్కరలేదు. తిండిగింజలు గాదెలో పోసేవారు. విత్తనాల వడ్లను మాత్రం విడిగా ఎండబెట్టి, వేపాకు కలిపి, వేరే కుండలోనో బుట్టలోనో మూతికట్టి ఉంచేవారు. తిండిగింజలు నిండుకుంటే పొరుగింటి నుంచి చేబదులు తెచ్చుకోవచ్చు. విత్తనం పోతే ఆ రకమే పోయినట్టు. మన కలనయంత్రాలలో ఉన్న సినిమాలు, పాటలు దాదాపుగా తిండిగింజలు. 1957 నాటి 'మాయాబజార్' నా డిస్కులో చెడిపోతే నేను తప్ప ఎవరూ బాధపడరు. మరునాడు ఇంకొకచోట దొరుకుతుంది. పెళ్ళిలో మా నాయనమ్మ పాడిన అప్పగింతల పాట అలా దొరకదు.

లెక్క వేసి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఒక మధ్యతరగతి కుటుంబానికి 200 ఆడియో క్యాసెట్లు ఉన్నాయనుకుందాం, సగటున ఒక్కొక్కటి గంట. వాటిని 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల స్టీరియోలో ఎక్కిస్తే గంటకు సుమారు 1 గిగాబైటు, మొత్తం 200. నష్టం లేకుండా కుదించే ఫ్లాక్ రూపంలోకి మారిస్తే దాదాపు సగానికి వస్తుంది. అయినా 200 అనే ఉంచుదాం. మినీ డీవీ టేపులు 20 ఉంటే గంటకు 13 గిగాబైట్ల చొప్పున 260. పెళ్ళిళ్ళ డీవీడీలు, వీసీడీలు 50 ఉంటే ఎంత ఎక్కువ లెక్కేసినా 235. ఫోటోలు 50 వేలు, ఒక్కొక్కటి 4 మెగాబైట్లనుకుంటే 200. ఉత్తరాలు, జాతకాలు, దస్తావేజులు 2 వేల పేజీలు కుదించకుండా స్కాను చేస్తే 52. ఫోనులో తీసిన వీడియోలకు మరో 200. అన్నీ కలిపితే 1,150 గిగాబైట్లు కూడా దాటలేదు. ఒక కుటుంబపు మూడు తరాల గొంతులు, ముఖాలు, చేవ్రాళ్ళు అన్నీ ఒక 2 టెరాబైట్ల డిస్కులో ఇమిడిపోయి ఇంకా చోటు మిగులుతుంది. 200 బ్లూరే సినిమాలను ఉన్నవున్నట్టు దించుకుంటే వాటికే 6 టెరాబైట్లు కావాలి.

కాబట్టి నా వాదన ఇది. ఇంటి సర్వరుకోసం పక్కన పెట్టిన డబ్బులో మొదటి భాగం ఆ 2 టెరాబైట్లకు రెండో నకలు, మూడో నకలు తయారుచేయడానికి ఖర్చుపెట్టాలి. మిగిలితే సినిమాల సంగతి చూసుకోవచ్చు. అందరూ దీనిని తలకిందులుగా చేస్తున్నారు.

"ఇంత శ్రమ ఎందుకు, అన్నీ అంతర్జాలంలో ఏదో ఒక కంపెనీవారి దగ్గర పడేస్తే వాళ్ళే చూసుకుంటారు కదా" అనే మిత్రులున్నారు. వాళ్ళు చూసుకోరని నేననను. వాళ్ళ లాభానికి పనికివచ్చినన్నాళ్ళు చూసుకుంటారు. ఉచితంగా ఎన్ని ఫోటోలైనా దాచుకోవచ్చని పిలిచిన గూగుల్ ఫోటోస్ ఆ సదుపాయాన్ని 2021 జూన్ 1తో ముగించింది. ఫ్లికర్ 2018 చివర్లో ఉచిత ఖాతాలకు 1,000 ఫోటోల హద్దు ప్రకటించింది. మైస్పేస్ 2003 నుంచి 2015 దాకా జనం పెట్టుకున్న పాటలన్నీ సర్వర్లు మార్చేటప్పుడు పోయాయని 2019లో బయటపడింది. యాహూ గుంపులలో జరిగిన చర్చలన్నిటినీ 2019–20లలో చెరిపేశారు. మనవాళ్ళు 'రచ్చబండ'లో ఏళ్ళ తరబడి సాహిత్యచర్చలు చేసుకున్నది కూడా ఆ యాహూ గుంపులలోనే. ఎవరైనా తమ డిస్కులో దించి పెట్టుకొని ఉంటే తప్ప అవి తిరిగి రావు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరిట వేల తెలుగు పుస్తకాలను స్కాను చేయించారు. ఆ పనిలో హైదరాబాదు ట్రిపుల్ ఐటీకి పెద్ద పాత్ర ఉంది. ఆ గూడు తరువాత మూతపడింది. అయినా ఆ పుస్తకాలు మనకు ఇవాళ దొరుకుతున్నాయంటే, అప్పటికే ఇంటర్నెట్ ఆర్కైవులోకి నకళ్ళు చేరి ఉండటమే కారణం. ఎవరో శ్రద్ధగలవారు ఒక్కొక్క పుస్తకాన్నీ తీసి అక్కడ పెట్టారు.

నకలు అనేది మనకు కొత్త సంగతి కాదు. తాటాకు శాశ్వతమని మన పూర్వులు ఎప్పుడూ అనుకోలేదు. ఆకు పురుగు తినకముందే, గంటం గీతలు మాసిపోకముందే కొత్త ఆకులమీదికి ఎక్కించారు. పంతొమ్మిదో శతాబ్దిలో చార్లెస్ ఫిలిప్ బ్రౌను కడపలో సొంత ఖర్చుతో పండితులను పెట్టుకొని చేయించిన పని అదే. ఊరూరా తాళపత్రాలు సేకరించి, పాఠాలు సరిపోల్చి, కాగితాలమీద శుద్ధప్రతులు రాయించాడు. ఆయన సేకరించిన గ్రంథాలలో చాలా భాగం ఇవాళ చెన్నై ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలో ఉంది. వారసత్వంగా మనకు అందిన కావ్యాలలో రాసిన కవి చేతి ప్రతి మిగిలినది ఏది? మిగిలినవన్నీ నకళ్ళకు నకళ్ళే. హార్డుడిస్కును తాటాకుగానే చూడాలి. మూడేళ్ళకో అయిదేళ్ళకో ఎక్కించవలసిన ఆకు అది.

ఇక పెట్టె విషయం. దీనిమీద జనం ఎక్కువ వాదించుకుంటారు గాని, నా మట్టుకు ఇది చిన్న విషయం. ఆఫీసులు తీసేసిన పాత డెస్క్‌టాపు చాలు. కొత్తది కావాలంటే 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 వంటి తక్కువ కరెంటు తాగే చిప్పున్న చిన్న బోర్డు కూడా ధారాళంగా సరిపోతుంది. ఓపెన్‌మీడియావాల్ట్, ట్రూనాస్ రెండూ ఉచితంగా దొరుకుతాయి. ట్రూనాస్ అంటే 2005లో ఫ్రీనాస్ పేరుతో పుట్టినదే. జడ్‌ఎఫ్‌ఎస్ వాడాలంటే టెరాబైటుకు ఒక గిగాబైటు చొప్పున మెమరీ ఉండి తీరాలన్న మాట ఒకటి ప్రచారంలో ఉంది. ఇంటి అవసరానికి అది పట్టించుకోనక్కరలేదు. 8 గిగాబైట్లు చాలు. లోపాలను సరిదిద్దుకునే ఈసీసీ మెమరీ దొరికితే మంచిదే, దొరకలేదని పని ఆపుకోవడం తెలివితక్కువ.

డిస్కులు కొనేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త ఉంది. కొన్ని డిస్కులలో రాత గీతలను పెంకుటింటి కప్పుమీద పెంకుల్లాగా ఒకదాని అంచుమీద ఒకటి వచ్చేట్టు పేరుస్తారు. దీనిని ఎస్‌ఎమ్‌ఆర్ అంటారు. పెంకుటిల్లు నేసినవాడిని అడగండి, నడుమనున్న ఒక పెంకు మార్చాలంటే దానిపై వరసలు ఎన్ని కదపాలో చెబుతాడు. ఈ డిస్కుల మీద తిరగరాయడం అలాంటిదే. ఒక డిస్కు పోయి కొత్తది పెట్టి, మొత్తం దత్తాంశాన్ని దానిమీదికి ఎక్కించే సమయంలో ఇవి చతికిలబడతాయి. నాస్ కోసమే చేశామని అమ్మిన కొన్ని డిస్కులలో ఈ పద్ధతి చెప్పకుండా వాడారన్న సంగతి 2020లో బయటపడింది. అందుచేత కొనేముందు మోడలు సంఖ్యను కంపెనీవారి పట్టికతో సరిచూసుకోవాలి. పెట్టెమీద 4 టెరాబైట్లని ఉండి కంప్యూటరు 3.64 అని చూపిస్తే మోసపోయామనుకోనక్కరలేదు. వాళ్ళు వెయ్యితో లెక్కిస్తారు, అది 1024తో లెక్కిస్తుంది.

రెయిడ్ అనే మాట చుట్టూ చాలా మాయ అల్లుకొని ఉంది. 1988లో బర్కిలీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు ఒక పత్రం ప్రకటించారు. ఖరీదైన ఒక్క పెద్ద డిస్కు బదులు చవక డిస్కులను గుంపుగా వాడవచ్చనీ, వాటిలో ఒకటి చచ్చినా పని ఆగకుండా చూడవచ్చనీ అందులో చూపించారు. పని ఆగకుండా ఉండటమే దాని ఉద్దేశం. దానిని జనం భద్రత అనుకున్నారు. మీ అబ్బాయి పొరపాటున ఒక ఫోల్డరు తుడిచేస్తే రెయిడ్ దానిని అన్ని డిస్కులలోనూ ఎంతో నమ్మకంగా తుడిచేస్తుంది. ఇంట్లో పిడుగు పడితే నాలుగు డిస్కులూ ఒకే కరెంటు తీగకు వేలాడుతుంటాయి. పైగా నాలుగు డిస్కులూ ఒకే దుకాణంలో, ఒకే రోజు కొన్నవైతే వాటి వయసూ ఒకటే. ఒకటి పోయిందని 16 టెరాబైట్ల కొత్త డిస్కు పెడితే, సెకనుకు 200 మెగాబైట్ల వేగంతో రాసినా 22 గంటలు పడుతుంది. ఆ 22 గంటలూ మిగిలిన ముసలి డిస్కులు ఆపకుండా చదవాలి. గోరుచుట్టుమీద రోకటిపోటు పడేది అప్పుడే.

అందుకని నేను రెండే డిస్కులతో అద్దంలా ఉండే జతను ఇష్టపడతాను. ఒకదానిలో ఉన్నదే రెండోదానిలోనూ ఉంటుంది. ఏది తీసి, దానిమీద వేసిన పద్ధతి తెలిసిన ఏ కంప్యూటరుకు తగిలించినా చదవగలం. చోటు సగం వృథా అవుతుందని అంటారు. మనం దాచవలసినది 2 టెరాబైట్లే అని పైన లెక్క తేలింది కనుక ఆ వృథాను భరించవచ్చు. ఆ జతమీద జడ్‌ఎఫ్‌ఎస్ వేస్తాను. సన్ మైక్రోసిస్టమ్స్‌లో పుట్టి 2005లో అందరికీ మూలంతో సహా అందిన ఈ పద్ధతి, రాసిన ప్రతి ముక్కకూ ఒక చెక్‌సమ్, అంటే ఒక సరిపోలిక సంఖ్య, గుర్తుపెట్టుకుంటుంది. చదివేటప్పుడు ఆ సంఖ్య కుదరకపోతే రెండో డిస్కులోని ముక్కను తెచ్చి మొదటిదానిని దిద్దుకుంటుంది. నెలకోసారి ఉన్నదంతా చదివించి సరిచూడమని చెప్పిపెట్టవచ్చు. డిస్కు చప్పుడు లేకుండా ఒక ఫోటోను పాడుచేస్తే మామూలు పద్ధతులలో అది మనకు పదేళ్ళ తరువాత, ఆ ఫోటో తెరిచిననాడు తెలుస్తుంది. అప్పటికి నకళ్ళన్నిటిలోకీ ఆ పాడైనదే చేరి ఉంటుంది. నా దృష్టిలో జడ్‌ఎఫ్‌ఎస్ విలువ వేగంలోనూ హంగులోనూ లేదు, ఈ ఒక్క గుణంలోనే ఉంది. తుడిచినవాటిని వెనక్కి తెచ్చే స్నాప్‌షాట్లు కూడా ఉన్నాయనుకోండి, ఇంట్లో పిల్లలున్నవారికి అవి వరం.

మన ఊళ్ళ వాతావరణం సంగతి విదేశీ పుస్తకాలలో ఉండదు. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో మూసిన అలమరలో డిస్కులు పెడితే అవి ఉడుకుతాయి. అటక అంతకంటే అన్యాయం. గాలి ఆడే చోట, నేలకు రెండు మూడు అడుగుల ఎత్తున, తరచు మనుషులు తిరిగే గదిలో ఉంచడం మంచిది. చప్పుడు మారితే తెలుస్తుంది. యూపీఎస్ తప్పనిసరి. కరెంటు పోయిందని సర్వరుకు కబురందించి, దానంతట అది పద్ధతిగా ఆరిపోయే ఏర్పాటు ఉన్న యూపీఎస్ అయితే ఇంకా మేలు. వానాకాలంలో పిడుగు కరెంటు తీగగుండానే కాదు, వీధిలోంచి వచ్చే కేబులు గుండా కూడా రావచ్చు. దానికీ ఒక రక్షణ ఉండాలి. ఖర్చు విషయానికి వస్తే 40 వాట్లు తాగే పెట్టెను రాత్రింబవళ్ళు నడిపితే నెలకు 29 యూనిట్లు. రాత్రిపూట ఆపేసుకున్నా ఎవరూ ఏమీ అనరు. గాదె తలుపు ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉంచవలసిన పని లేదు కదా.

ఇప్పుడు తెలుగువాడికి మాత్రమే ఎదురయ్యే చిక్కులు. దస్త్రాలకు పేర్లు తెలుగులో పెట్టాలా, ఇంగ్లీషు అక్షరాలలో పెట్టాలా? తెలుగులోనే పెట్టాలని నా పక్షం. రోమను లిపిలో 'నాన్నగారు' అన్న మాటను ఒకే ఇంట్లో నలుగురు నాలుగు రకాలుగా రాస్తారు. దీర్ఘానికి ఒకరు రెండు అక్షరాలు వాడతారు, ఒకరు పెద్ద అక్షరం వాడతారు, ఒకరు అసలు పట్టించుకోరు. పదేళ్ళ తరువాత వెతికితే ఏ ఒక్కటీ దొరకదు. తెలుగులో దానికి ఒకటే వర్ణక్రమం.

అయితే ఇందులో గుంటలున్నాయి, తెలిసి నడవాలి. లినక్సులో ఎక్కువగా వాడే ఈఎక్స్‌టీ4 పద్ధతిలో ఒక దస్త్రం పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు. తెలుగులో ప్రతి సంకేతానికీ మూడు. 'శ్రీ' అని కంటికి ఒక్క అక్షరమే కనిపిస్తుంది గాని, లోపల శకారం, పొల్లు, రేఫ, గుడిదీర్ఘం కలిసి నాలుగు సంకేతాలు, 12 బైట్లు. 'లక్ష్మి' 21 బైట్లు. అంటే పేరు మొత్తం 85 సంకేతాలలో ముగియాలి. శుభలేఖలో రాసినట్టు వధూవరుల ఇంటిపేర్లు, తల్లిదండ్రుల పేర్లు, సుముహూర్తం అన్నీ దస్త్రం పేరులో ఇరికిస్తే నకలు తీసేటప్పుడు అది మొరాయిస్తుంది.

ఇంకో గుంట ఐత్వం దగ్గర ఉంది. యూనికోడులో ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయవచ్చు; ఎత్వమూ దానికింద ఐత్వపు గుర్తూ కలిపి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. రెండూ సమానమేనని యూనికోడు అంటుంది, కంటికీ ఒకేలా కనిపిస్తాయి. పాత మ్యాకులలోని హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పద్ధతి పేర్లను విడగొట్టి దాచుకునేది. లినక్సు ఇచ్చినదాన్ని ఇచ్చినట్టు ఉంచుతుంది. పాత మ్యాకులోంచి వచ్చిన 'మైసూరు యాత్ర', నేరుగా టైపు చేసిన 'మైసూరు యాత్ర' సర్వరులో పక్కపక్కన రెండు ఫోల్డర్లుగా కూర్చుంటాయి. చూసినవాడికి మతి పోతుంది. జడ్‌ఎఫ్‌ఎస్‌లో ఈ రెండింటినీ ఒకటిగా చూడమనే ఏర్పాటు ఉంది. దానిని మొట్టమొదట, నిల్వను సృష్టించే రోజునే చెప్పాలి. తరువాత మార్చడానికి వీల్లేదు. ఇంటి సర్వర్లమీద వచ్చిన వ్యాసాలు ఎన్నో చదివాను. ఈ ఒక్క ముక్క ఎవరూ రాయరు, ఎందుకంటే వాళ్ళకు ఐత్వం లేదు. పొల్లు నిలబెట్టడానికి మనం వాడే, కంటికి కనబడని విభజక సంకేతం సంగతి కూడా ఇలాంటిదే. ఒకరు దానితో రాసిన 'సాఫ్ట్‌వేర్' అది లేకుండా వెతికేవారికి దొరకదు. నేను పేర్లలో ఆ సంకేతం రాకుండా మాటలను అజంతం చేసి రాస్తాను. రికార్డ్ బదులు రికార్డు, ఆల్బమ్ బదులు ఆల్బము. ఛాందసమని పిల్లలు నవ్వుతారు గాని వెతుకులాట తగ్గింది.

యూనికోడుకు ముందుకాలపు రాతలు మరో పెద్ద కథ. 1990లలో డీటీపీ దుకాణాలలో అను, శ్రీలిపి ఖతులతో కొట్టించిన వంశవృక్షాలు, ఆత్మకథలు, షష్టిపూర్తి సంచికలు చాలా ఇళ్ళలో ఉన్నాయి. వాటిని దాచిన పేజ్‌మేకరు 2001 నాటి 7వ వెర్షనుతోనే ఆగిపోయింది. ఆ ఖతి లేని యంత్రంలో తెరిస్తే కనబడేది పిచ్చి లాటిన్ అక్షరాల గుట్ట. బైట్లన్నీ భద్రంగా ఉంటాయి, అర్థం మాత్రం ఉండదు. ఇలాంటివాటిని మూలంతో పాటు ఖతి దస్త్రమూ, ఒక పీడీఎఫ్ ప్రతీ పక్కన పెట్టి దాచాలి. వీలైతే యూనికోడులోకి మార్చిన పాఠం కూడా.

సినిమాల గ్రంథాలయం నడిపే జెల్లీఫిన్ వంటివాటికి కూడా మన పేర్లతో తంటాయే. 'దేవదాసు' అంటే 1953దా, 1974దా, 2006దా? సంవత్సరం కలిపి ఫోల్డరుకు పేరు పెడితే ఆ తగువు తీరుతుంది. సినిమాల గురించి నేను చెప్పదలచినది ఇంతే.

అసలు కష్టం ఎక్కించడంలో ఉంది. సర్వరు కట్టడం ఒక ఆదివారం పని. గంట క్యాసెట్టు ఎక్కించడానికి గంట పడుతుంది, ఏ యంత్రమూ దానిని తగ్గించలేదు. రోజుకు రెండు చొప్పున 200 క్యాసెట్లకు 100 రోజులు. ఈ పనికి గడువుంది. ప్రపంచంలో వీసీఆర్లు తయారుచేస్తున్న ఆఖరి కంపెనీగా పేరుపడిన జపానువారి ఫునాయి 2016లో ఆపేసింది. మినీ డీవీ టేపును కంప్యూటరుకు కలిపే ఫైర్‌వైరును 2025లో వచ్చిన మ్యాక్ ఓఎస్ 26 వదిలేసింది. కోస్తా ఉక్కలో టేపుకు బూజు పడుతుంది. క్యాసెట్టు లోపల టేపును తలకు అదిమి ఉంచే చిన్న స్పంజిముక్క జిగురు ఎండి ఊడిపోతుంది. 2000లలో పెళ్ళి ఫోటోగ్రాఫర్లు ఇచ్చిన సీడీలు, డీవీడీల రంగుపొర వెలిసిపోతోంది. అందుచేత ముందు ఎక్కించడం మొదలుపెట్టండి, చేతిలో ఉన్న ఏ డిస్కులోనైనా సరే. ఏ సర్వరు కొనాలో ఆలోచించుకోవడానికి ఆ 100 రోజులూ ఎలాగూ ఉన్నాయి.

యూఎస్‌బీ మూతి ఉన్న బొమ్మలాంటి క్యాసెట్ ప్లేయర్లతో ఈ పని చేయకండి. పాత మంచి డెక్కు ఒకటి సంపాదించి, బెల్టు మార్పించి, తలను స్పిరిటుతో తుడిచి, ప్రతి క్యాసెట్టుకూ గొంతు స్పష్టంగా వచ్చేలా తల వాలును సరిచేసుకొని ఎక్కించాలి. అతుకు వేసిన పెట్టె అయితే విప్పి మరలున్న పెట్టెలోకి టేపు మార్చుకోవచ్చు. ఎక్కించిన మూలాన్ని శుభ్రపరచవద్దు. గరగర తీసేస్తే బాగుంటుందనిపిస్తుంది నిజమే. తీసిన ప్రతి ఇంకొకటి వేరే పెట్టుకోండి. మా నాయనమ్మ పాట వెనక వాకిట్లో కాకులు అరుస్తుంటాయి, ఎవరో బిందె దించిన చప్పుడు వినిపిస్తుంది, నడుమ ఎవరో "ఆగండి, టేపు తిరుగుతోందా?" అంటారు. గరగర తీసే యంత్రానికి పాటా కాకీ తేడా తెలుస్తుంది, నాకు కావలసినది రెండూనని తెలియదు. విజయవాడ ఆకాశవాణి నుంచి ఉషశ్రీగారి ప్రసంగాలను ఇంటి టేపురికార్డరులో పట్టుకున్నవారి దగ్గర కూడా ఇలాంటి పొరలే ఉంటాయి. రేడియో పక్కనే కూర్చున్న ఇంటివాళ్ళ దగ్గులూ, మాటలూ అందులో పడి ఉంటాయి.

ఎక్కించాక క్యాసెట్టు పారేయవద్దు. ఏరు దాటి తెప్ప తగలేయడం ఈ విషయంలో పనికిరాదు. రేపు ఇంకా మంచి డెక్కు దొరకవచ్చు. అలాగే వాట్సాపులో వచ్చిన ఫోటోలను మూలాలనుకొని దాచుకోవద్దు. మామూలుగా పంపితే అవి దారిలో నలిగి, సన్నబడి వస్తాయి. తీసినవారిని అడిగి అసలు దస్త్రం తెప్పించుకోవాలి.

నకళ్ళు మూడుండాలి, రెండు రకాల సాధనాలమీద ఉండాలి, ఒకటి ఇంటికి దూరంగా ఉండాలి. ఫోటోగ్రాఫరు పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రమిది. మూడోదాని అవసరం తెలియాలంటే 2020 అక్టోబరులో హైదరాబాదునో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్ళలోకి వచ్చిన నీళ్ళనో గుర్తుచేసుకుంటే చాలు. నీళ్ళు అల్మరా మొదటి అర దాటాక డిస్కులు రెండున్నా నాలుగున్నా ఒకటే. ఈ విషయంలో మన కుటుంబాలు చెదిరిపోయి ఉండటమే కలిసివచ్చింది. అన్నయ్య తెనాలిలో, చెల్లెలు హైదరాబాదులో, మేనల్లుడు డాలసులో ఉంటే మూడు ఖండికలుగా దాచుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? సెకనుకు 20 మెగాబిట్ల వేగంతో పంపితే ఒక టెరాబైటుకు నాలుగున్నర రోజులు దాటుతుంది. సెలవులకు వచ్చినవారి సూట్‌కేసులో, ఆవకాయ జాడీ పక్కన, ఒక డిస్కు పెట్టి పంపితే ఒక రోజులో చేరుతుంది. ఏటా ఒకసారి పాతది తెచ్చి కొత్తది తీసుకువెళ్ళే ఆనవాయితీ పెట్టుకుంటే చాలు. అద్దెకు తీసుకున్న మేఘంలో ఒక నకలు ఉంచుతానంటే నాకు అభ్యంతరం లేదు. మూడింటిలో ఒకటిగా అది మంచిదే, మూడింటికీ బదులుగా మాత్రం వద్దు.

తాళం మాట. దూరంగా పంపే డిస్కుకు సంకేతబంధం వేయమని అందరూ చెబుతారు. దస్తావేజులు, బ్యాంకు కాగితాలు ఉన్న భాగానికి వేయండి. పాటలకు, ఫోటోలకు నేను వేయను. దొంగ వాటిని ఏం చేసుకుంటాడు? తాళంచెవి తెలిసినవాడు పోయాక తెరవలేని డిస్కు వల్ల కలిగే నష్టమే ఇందులో ఎక్కువ. ఇంటి సర్వర్లలో చాలా వాటికి రహస్యం తెలిసినది ఒక్క మనిషికే. ఆ మనిషి ఆసుపత్రిలో ఉంటే కనీసం దానిని ఆర్పడం కూడా ఇంట్లో ఎవరికీ తెలియదు. అందుకే డేటాబేసుల్లో, యాప్‌ల కడుపుల్లో ఏదీ దాచకుండా, మామూలు ఫోల్డర్లలో, మామూలు రూపాలలో ఉంచాలని పట్టుబడతాను. ప్రతి ఫోల్డరులో ఒక సాదా పాఠ్యదస్త్రం ఉంటుంది. తేదీ, ఊరు, ఉన్నవారి పేర్లు, ఎవరు ఎవరికి ఏమవుతారు. డిస్కును ఏ కంప్యూటరుకు ఎలా తగిలించాలో కాగితంమీద, తెలుగులో, చేత్తో రాసి ఇంటి పత్రాల కవరులో పెట్టాను. మా ఆవిడ దానిని చదివి, నా సాయం లేకుండా ఒకసారి డిస్కు తీసి ఫోటోలు తెరిచింది. మూడోచోట ఆగిపోయింది, అక్కడ ఇంకో రెండు వాక్యాలు చేర్చాను.

ఆ పాఠ్యదస్త్రాలే ఇప్పుడు వెనకబడ్డాయి. 1970ల నాటి ఒక ఫోటోలో పదకొండుగురున్నారు, ఏడుగురి పేర్లు తెలిశాయి. మిగిలిన నలుగురినీ పోల్చగలిగినవారు మా బంధువర్గంలో ఇద్దరే మిగిలారు, ఇద్దరికీ 80 దాటాయి. ఒకరు బాపట్లలో ఉన్నారు. వచ్చే వారం పెద్ద అక్షరాల కాగితమూ, లాప్‌టాపూ పట్టుకొని అక్కడికి వెళుతున్నాను. కొత్త డిస్కు కొనడం ఆ తరువాత.